ఆటపాటల భవిష్యత్తు: గ్రామఫోను ప్లేటు, డిజిటల్ ఫైలు

విషయ ప్రవేశము

నృత్యమునకు గీతవాద్యములు ప్రాణము. పాడువారు ఎదుట నున్నంతకాలము ఆ పాటను దేనియందు భద్రపఱుపవలెనను ప్రశ్న పుట్టదు. పాడువారు తగ్గి, ఆడువారు మాత్రము మిగిలినప్పుడే ఆ ప్రశ్న తలయెత్తును. పాశ్చాత్య దేశములందలి నృత్యశాలలలో వినిపించు సంగీతమునుగూర్చి పాతికేండ్లుగా ఇట్టి వాదమొకటి సాగుచున్నది. ఆ సంగీతమునకు ఇకమీదట ఆధారము వినైలు రికార్డా, అంతర్జాలమునుండి డౌన్‌లోడు చేసికొను డిజిటల్ ఫైలా యనునది ఆ వాదము. రికార్డు పక్షమువారు ధ్వని నిండుతనమును, చేతికి తగులు వస్తువును మెచ్చుకొందురు. ఫైలు పక్షమువారు సౌలభ్యమును, చవుకదనమును మెచ్చుకొందురు.

ఈ వాదము మనకు దూరపు సంగతిగా తోచవచ్చును. కాని రాజపాళయమువంటి ఊరిలో ఇది ఇంటి సంగతియే. విరుదునగరము జిల్లాలో పడమటి కనుమల క్రింద నున్న ఈ పట్టణమునకు తెలుగు రాజుల కుటుంబములు విజయనగర కాలమునను, పిమ్మట నాయకరాజుల కాలమునను వలస వచ్చినవని ప్రసిద్ధి. ఇంట తెలుగు మాటలాడుదురు. బయట వ్రాతకోతలు తమిళమున నడచును. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టముచే బడులలో తమిళము తరగతివెంట తరగతిగా తప్పనిసరి పాఠ్యమయ్యెను. తెలుగు వినగలిగి, పలుకగలిగి, చదువజాలని తరమొకటి ఎదుగుచున్నది. అట్టి తరమునకు తెలుగు పాట పుస్తకము ద్వారా రాదు. చెవి ద్వారానే రావలెను. కావున పాటను మోయు పాత్ర యెట్టిదను ప్రశ్న తమిళనాటి తెలుగువారికి వినోదమునకు సంబంధించినది కాదు, భాషకు సంబంధించినది.

ప్లేటు మేలా, ఫైలు మేలా యని తేల్చుటకు ముందు, ఆటపాట స్వభావమెట్టిదో, ప్లేటు దానికేమి చేసినదో, ఫైలు ఏమి చేయుచున్నదో విచారించుట యుక్తము.

ఆటపాట లక్షణము

కచ్చేరీ పాటకును ఆటపాటకును భేదము కలదు. కచ్చేరీలో గాయకుడు తన మనోధర్మమును అనుసరించి పాడును. ఆటలో గాయకుడు నర్తకి కన్నులను, చేతులను, పాదములను చూచుచు పాడును.

తమిళదేశమున వర్ధిల్లిన భరతనాట్యమునందు వర్ణములు, పదములు, జావళులలో పెద్దభాగము తెలుగు రచనలే. 17వ శతాబ్దిలో క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుని ఆస్థానమున ఆదరమును పొందెను. 19వ శతాబ్దిలో చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అను తంజావూరు సోదరులు నల్వురు నేటి నాట్యకచ్చేరీ క్రమమును తీర్చిదిద్దిరి. ధర్మపురి సుబ్బరాయరు జావళులు నేటికిని వేదికలపై వినబడుచున్నవి. పదమునకు అభినయము పట్టునప్పుడు ఒకే పాదమును పలుమారులు పాడుదురు. మాట ఒకటే, భావము మారుమారునకు వేఱు. తంజావూరు బాలసరస్వతి (1918-1984) అభినయించుచుండగా ఆమె తల్లి జయమ్మాళ్ పాడుచుండెడిది. ఆ పాదమును ఎన్ని మారులు పాడవలెనో ముందుగా ఎవరును వ్రాసిపెట్టలేదు. కూతురి భావము నిండినదని తల్లి గ్రహించినప్పుడే పాట ముందునకు సాగెడిది.

మేలట్టూరు భాగవతమేళమునందును ఇట్టి సంబంధమే కానవచ్చును. వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలగు తెలుగు నాటకములను తంజావూరు సీమయందలి ఆ గ్రామమున నృసింహజయంతి దినములలో నేటికిని ఆడుచున్నారు. పాత్రధారులలో పెక్కుమందికి వాడుకభాష తమిళము. అయినను వారు తెలుగు దరువులను కంఠస్థము చేసి, పాట వెంట ఆట, ఆట వెంట పాటగా నడుపుదురు.

శాస్త్రీయ వేదికను విడిచి జనపదమునకు వచ్చినను ఇదే రీతి. కోలాటమున ముందుపాట చెప్పునది ఒకతె, అందుకొనువారు మిగిలినవారు. కోలల చప్పుడే తాళము. వలయము కుదురుకొన్నదని చూచి ముందుపాటకత్తె వేగమును పెంచును, తడబడిన తగ్గించును. విరుదునగరము, తూత్తుక్కుడి మున్నగు జిల్లాలలో తెలుగు మాటలాడు రాజకంబళ నాయకుల దేవరాట్టమునకు పాటకంటె వాద్యమే ప్రధానము. చేత రుమాళ్ళు, కాళ్ళ గజ్జెలు ధరించి, దేవదుందుభి మ్రోతకు అడుగులు వేయుదురు. వాయించువాని చేతిని ఆడువారి పాదము ఎఱుగును; ఆడువారి పాదమును వాయించువాడు ఎఱుగును.

ఈ నాల్గింటికిని సామాన్యమైన గుణమొకటి కలదు. పాట ఆటను నడుపును. ఆటయు పాటను నడుపును. ఏ యంత్రమైనను ఇందు మొదటి సగమును మాత్రమే చేయగలదు. ప్లేటును, ఫైలును తూచునప్పుడు ఈ కొలమానమును మరువరాదు.

లక్క ప్లేట్ల కాలము

భారతదేశమున వాణిజ్యపు రికార్డింగు 1902 నవంబరులో కలకత్తాలో ఆరంభమయ్యెను. గ్రామఫోను కంపెనీ పక్షమున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గు అను నిపుణుడు గౌహర్ జాన్ అను గాయని పాటలను పట్టెను. తరువాతి యేండ్లలో కంపెనీవారు దక్షిణమునకు వచ్చిరి. సేలము గోదావరి, కోయంబత్తూరు తాయి వంటి గాయనులు 20వ శతాబ్ది ఆదిలోనే పాటలనిచ్చిరి. ఆటపాటల సంప్రదాయమును ఇంటివిద్యగా నేర్చినవారే ఆ కాలమున ఇట్టి పాటలను ఎక్కువగా పాడుచుండిరి. పుస్తకములకు ఎక్కకమునుపే పెక్కు జావళులు ప్లేట్లకు ఎక్కినవి.

ఆ ప్లేట్లు వినైలువి కావు, లక్కవి. మన దేశపు అడవులలో చెట్లకొమ్మలపై పురుగులు పెట్టు లక్కను శుద్ధిచేసి, రాతిపొడి మున్నగువానితో కలిపి, వేడిచేసి ఒత్తెడివారు. గ్రామఫోను పరిశ్రమకు కావలసిన లక్కలో అధికభాగము భారతదేశమునుండియే పోయెడిది. మొదట పాట ఇచటను, ప్లేటు జర్మనీలోని హానోవరు నగరమునను తయారగుచుండెను. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసినపిమ్మట ప్లేట్లను ఇచటనే ఒత్తసాగిరి.

ఇందొక చిన్న సంగతి గమనింపదగినది. ఆ తొలినాటి ప్లేట్లలో పాట ముగియగానే గాయని తన పేరును తానే బిగ్గరగా చెప్పును. గౌహర్ జాన్ రికార్డులలో ఇది ప్రసిద్ధము. దూరదేశమున ప్లేటును ఒత్తి, చీటీ అంటించు పనివానికి భాష తెలియదు. ఏ పాట ఎవరిదో పొరపడకుండుటకై ఈ యేర్పాటు. అవసరమునకై చేసిన ఆ పని చరిత్రకు మేలయ్యెను. చీటీ చిరిగినను, అట్ట పోయినను, పాడిన మనిషి పేరు పాటతోపాటు నిలిచియున్నది.

లక్క ప్లేటు ఇచ్చినది ఎంతో, కోసివేసినదియు అంతే. నిమిషమునకు 78 మారులు తిరుగు పది అంగుళముల ప్లేటు ఒక వైపున సుమారు మూడు నిమిషముల పాట పట్టును. పన్నెండు అంగుళముల దానిలో నాలుగు నిమిషములకు కొంచెము పైగా పట్టును. తీరికగా పాడిన పదమునకు ఈ కాలము చాలదు. అందుచే గాయనులు పల్లవిని, అనుపల్లవిని, ఒక చరణమును గబగబ పాడి ముగింపవలసివచ్చెను. మారుమారునకు భావము మార్చుచు పాడుటకు అందు తావులేదు. 1930లలో వీణ ధనమ్మాళ్ వంటి విదుషీమణి ఇచ్చిన రికార్డులు అమూల్యములే. అయినను ఆమె ఇంట నిదానముగా సాగిన పాటకు అవి సంగ్రహములు మాత్రమే.

మఱియొక వైపున, ప్లేటు పాటను సముద్రము దాటించెను. 1912లో భారతదేశమును చూడవచ్చిన ఫ్రెంచి సంగీతకర్త మారిస్ దెలాజ్ కోయంబత్తూరు తాయి రికార్డును విని ముగ్ధుడై, దాని ఆధారముగా రాగమాలిక యను కృతిని రచించెను. ఆమె 1917లో గతించెను. ఆమె ఆటను చూచినవారు నేడు లేరు. ఆమె గొంతు మాత్రము మిగిలినది.

వినైలు, టేపు, కేసెట్టు

1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ నిమిషమునకు ముప్పదిమూడుంబావు మారులకు కొంచెము పైగా తిరుగు దీర్ఘకాలపు ప్లేటును వెలువరించెను. ఇది వినైలు అను కృత్రిమ పదార్థముతో చేసినది. లక్క ప్లేటు జారిపడిన పగులును. వినైలు అట్లు పగులదు. గాడులు సన్ననివగుటచే ఒక వైపున ఇరువది నిమిషములకు పైగా పాట పట్టును. అప్పటికి గాని పదము గాని వర్ణము గాని దాని సహజమైన నిడివితో ప్లేటు నెక్కుటకు వీలు కలుగలేదు.

ఆ సరికి అయస్కాంతపు టేపు కూడ వాడుకలోనికి వచ్చెను. 1963లో ఫిలిప్స్ కంపెనీ కేసెట్టును ప్రవేశపెట్టెను. 1980లలో భారతదేశమంతటను కేసెట్టు రికార్డును వెనుకకు నెట్టెను. ప్లేటును తయారు చేయుటకు కర్మాగారము కావలెను. కేసెట్టు నింపుటకు ఒక యంత్రమును, ఒక మనిషియును చాలును. కంపెనీ అనుమతి లేకయే ఒక గృహిణి తన తల్లి పాటను పట్టియుంచుటకు మొదట వీలు కల్పించినది కేసెట్టే. కాని దాని యాయువు స్వల్పము. తేమకు బూజు పట్టును, వేడికి సాగును, మాటిమాటికి వినిన ధ్వని మాసిపోవును. తమిళనాటి తెలుగు ఇండ్లలో ఈ కేసెట్లు నేడు పెట్టెల అడుగున నున్నవి. వానిని వినిపించు యంత్రములు అంతకుమునుపే చెడిపోయినవి.

డిజిటల్ ఫైలు చేయు మేలు

డిజిటల్ ఫైలు ధ్వనిని గాడిగా గాక సంఖ్యలుగా దాచును. కంపాక్టు డిస్కు పద్ధతిలో ధ్వని తరంగమును సెకనునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను పదునాఱు బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. రెండు వైపుల ధ్వనికి నిమిషమునకు సుమారు ఒక కోటి బైట్లు పట్టును. సంఖ్యలు కావున నకలునకును మూలమునకును భేదముండదు. ప్లేటునుండి టేపునకు, టేపునుండి టేపునకు ఎక్కించినకొలది ధ్వని క్షీణించును. ఫైలును నూఱు మారులు యథాతథముగా నకలు తీసినను క్షీణింపదు. మూడు నిమిషముల కట్టడియు దీనికి లేదు.

నాట్యము నేర్చుకొనువారికి దీనివలన మఱియొక గొప్ప ప్రయోజనము కలదు. ప్లేటును నెమ్మదిగా త్రిప్పిన పాటయు నెమ్మదించును. కాని దానితోపాటు శ్రుతియు దిగును. వేగమును నూటికి ఆఱు పాళ్ళు మార్చిన శ్రుతి సుమారు ఒక స్వరస్థానము మాఱును. ఇది యంత్రదోషము కాదు, ప్రకృతి ధర్మము. డిజిటల్ ఫైలునందు లెక్కల నేర్పుచే శ్రుతిని మార్పకయే వేగమును మార్పవచ్చును. విద్యార్థిని కష్టమైన జతిని మొదట విలంబముగ సాధనచేసి, పిమ్మట అసలు వేగమునకు చేరగలదు. ఒకే పాదమును కావలసినన్ని మారులు మరల వినగలదు. గురువు పొరుగూర నున్నను, సాధన నిలువదు.

ఫైలు చేయు కీడు

ఐనను ఫైలులన్నియు ఒకటి కావు. అంతర్జాలమున వేగముగా పంపుటకై ధ్వనిని కుదించుటకు ఎంపీత్రీ వంటి పద్ధతులు వచ్చినవి. సెకనునకు 128 కిలోబిట్ల ఎంపీత్రీ ఫైలు నిమిషమునకు పదిలక్షల బైట్లలోపు నిడివి గలది. అనగా మూలములో పదునొకండవ పాలు. పెద్ద ధ్వనిచాటున చెవికి వినబడవని లెక్క తేలిన చిన్న ధ్వనులను తీసివేయుటచే ఈ కుదింపు సాధ్యమగును. మాటలాడు గొంతునకు దీనివలన హాని స్వల్పము. కాని అధికముగా కుదించినప్పుడు మొదట చెడునవి తాళములు, గజ్జెలు వంటి తీక్ష్ణమైన చిఱుధ్వనులు. నట్టువాంగపు తాళము తునిగినట్లుగాక అలుకుకొనినట్లు వినబడును. ఆటపాటకు ఆ తాళమే వెన్నెముక. కచ్చేరీ పాటకు ఓర్వదగిన లోపము ఆటపాటకు ఓర్వరానిదగును.

రెండవ కీడు ఇంతకంటె పెద్దది. ప్లేటునకు నడుమ చీటీ యుండెను. దానిపై పాట, రాగము, గాయని పేరు, సంఖ్య అచ్చుపడి యుండెడివి. ఫైలునకు చీటీ లేదు. చేతి ఫోనున పట్టిన పాట వాట్సాపు వంటి సాధనముల ద్వారా చేతులు మారునప్పుడు, తఱచు దాని పేరు పోయి, ఒక తేదీయు ఒక సంఖ్యయు మాత్రము మిగులును. పాడినది ఎవరో, ఏ యూరో, ఏ సందర్భమో రెండు చేతులు మారినంతనే తెలియరాదు. కంఠము మిగిలి, మనిషి మాయమగును.

మూడవది నిలుకడ. మైస్పేస్ అను ప్రసిద్ధ అంతర్జాల సంస్థ 2003 నుండి 2015 వఱకు గాయకులు తన వద్ద నుంచిన పాటలను యంత్రములు మార్చునప్పుడు పోగొట్టుకొన్నదని 2019లో లోకమునకు తెలిసెను. పోయిన పాటలు ఐదు కోట్లని అంచనా. లక్క ప్లేటు పెట్టెలో నూఱేండ్లు మఱువబడియు పలుకును. ఫైలు మఱువబడినచో బ్రతుకదు. ఎవరో ఒకరు దానిని నకలు తీయుచున్నంత కాలమే దాని యాయువు.

పాశ్చాత్యుల యనుభవము

నృత్యశాలలలో పాటలను కూర్చి వినిపించు డీజేలకు 1970ల నుండి పన్నెండు అంగుళముల వినైలు ప్లేటే పనిముట్టు. రెండు ప్లేట్లను రెండు యంత్రములపై ఉంచి, వేగములను కలిపి, ఒక పాటలోనుండి మఱియొక పాటలోనికి చేయి ఎత్తకుండ పోవుదురు. ఈ పనికి ప్రసిద్ధికెక్కిన టెక్నిక్స్ కంపెనీ వారి 1200 అను యంత్రము 1972లో వచ్చెను. ఎదుటి జనము అడుగులను చూచి ప్లేటు వేగమును మార్చు ఆ చేయి, ఒక విధముగా మన నట్టువనారు చేయి వంటిదే.

2000 పిమ్మట ఫైలులు ఈ రంగమున ప్రవేశించినవి. నృత్య సంగీతపు ఫైలులను విక్రయించుటకై బీట్‌పోర్టు అను అంగడి 2004లో వెలసెను. ప్లేట్ల పెట్టెలు మోయు శ్రమ తప్పెను. టెక్నిక్స్ వారు 2010లో తమ యంత్రమును చేయుట మానిరి. ప్లేటు కథ ముగిసినదని అందఱు తలచిరి. కాని 2016లో అదే కంపెనీ దానిని మరల ఆరంభించెను. అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘమువారి లెక్కల ప్రకారము 2022లో ఆ దేశమున వినైలు ప్లేట్లు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోగా, కంపాక్టు డిస్కులు సుమారు 3 కోట్ల 30 లక్షలే అమ్ముడుపోయినవి. 1987 తరువాత ప్లేటు డిస్కును మించుట అదియే మొదటిసారి. డౌన్‌లోడు ఫైలుల విక్రయమును మాత్రము, పాటను ఇంట ఉంచుకొనక అప్పటికప్పుడు వినెడి స్ట్రీమింగు పద్ధతి మ్రింగివైచెను. ప్లేటును జయింప వచ్చిన ఫైలే ముందుగా కుంగినది.

అట్లని ప్లేటు నిర్భయముగ నున్నదనుటకు వీలులేదు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బానింగు పట్టణమున ఒక కర్మాగారము కాలిపోయెను. ప్లేటు ఒత్తుటకు ముందు పాటను మొదట చెక్కు మూల ఫలకములను చేయు కర్మాగారములు ప్రపంచమున రెండే యుండగా, అది యందొకటి. రెండవది జపానులో నున్నది. ఒక్క అగ్నిప్రమాదముతో ప్లేట్ల లోకమంతయు కలతచెందెను.

ఈ కథవలన మనము గ్రహింపవలసినది ఒకటి. ఏ పాత్రయు శాశ్వతము కాదు. ప్లేటు ధనికుల ముచ్చటగా నిలువవచ్చును. ఫైలు రూపము మారవచ్చును. స్ట్రీమింగు సంస్థ హక్కుల ఒప్పందము ముగిసిన నాడు పాటను తీసివేయవచ్చును. పాత్రను నమ్ముకొనినవారు నష్టపోదురు. పాత్రనుండి పాత్రకు పోయుట నేర్చినవారు నిలుతురు.

రాజపాళయమునకు దీనితో నేమి పని?

పెద్ద వేదికల పాటలకు కంపెనీలు, ఆకాశవాణి, సేకర్తలు దిక్కయిరి. మదరాసున నివసించుచు వేలకొలది గ్రామఫోను రికార్డులను సేకరించిన వి.ఎ.కె. రంగారావుగారు నాట్యవిమర్శకులు కూడ కావుట యాదృచ్ఛికము కాదు; ఆటను ప్రేమించినవాడే పాటను దాచును. కాని తమిళనాటి తెలుగు ఇండ్లలో పెండ్లికి, సమర్తకు, పండుగకు స్త్రీలు పాడిన పాటలకు, కోలాటపు పాటలకు, గొబ్బిపాటలకు ఏ కంపెనీయు రాలేదు. అవి ప్లేటు నెక్కలేదు. పుస్తకము నెక్కినవి కొలదియే. వానిని ఎఱిగినవారు వృద్ధులు.

కొన్ని ఇండ్లలో ఈ పాటలను నోటుపుస్తకములందు తమిళ లిపిలో వ్రాసికొన్నారు. అది మెచ్చదగిన శ్రద్ధయే. కాని తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాల్గింటికిని అక్షరమొకటే. కాలి యందియ యని వ్రాసినను, గాలి యందియ యని వ్రాసినను రూపు ఒకటే. బాలయు పాలయు ఒకటే. సంగీత గ్రంథములవారు అక్షరముపై అంకెలు వేసి ఈ చిక్కును తీర్చుకొందురు. ఇంటి నోటుపుస్తకమున అంకెలు వేయువారు అరుదు. తెలుగు లిపికి సైతము కొన్ని పలుకుబడులు అందవు. చాలు అనునప్పటి చకారమును, చిన్న అనునప్పటి చకారమును మనము ఒకే అక్షరముతో వ్రాయుదుము. నాలుక రెండుగా పలుకును. ఈ భేదమును తరువాతి తరమునకు చేర్పగలిగినది వ్రాత కాదు, గొంతు. చదువజాలని బిడ్డకు పట్టియుంచిన గొంతే బాలశిక్ష.

కావున రాజపాళయమునందు ప్లేటా, ఫైలా యను ప్రశ్నకు సమాధానము తేలికయే. ప్లేటు ఒత్తించు స్తోమత గాని, దానిని వినిపించు యంత్రములు గాని సామాన్య కుటుంబములకు లేవు. చేతిలో ఫోను మాత్రము ప్రతి యింటను కలదు. ఫైలు తప్ప వేఱు మార్గము లేదు. కాని ఫైలునకు ప్లేటు గుణములను తెచ్చిపెట్టవలెను. ప్లేటునకు చీటీ, పెట్టె, కాపుదల యుండెను. ఆ మూడింటిని ఫైలునకు కల్పించుటయే నేటి పని.

చేయదగిన పనులు

మొదటిది చీటీ. గౌహర్ జాన్ కాలపు మర్యాదను మరల తెచ్చుకొనవలెను. పాట పట్టునప్పుడు మొదటనే పాడువారి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి వద్ద నేర్చినదియు పాడువారి నోటనే చెప్పింపవలెను. ఫైలు పేరు మారినను ఆ పలుకు మారదు. పాడువారి సమ్మతిని ముందుగా పొందుట మర్యాదయే గాక ధర్మము.

రెండవది పట్టు విధము. ఒక పాటను మూడు విధములుగ పట్టుట మేలు. మొదట పాటను మాటలుగా, నిదానముగా చెప్పింపవలెను. పిమ్మట చేతాళముతో పాడింపవలెను. కడపట ఆటతో కలిపి, కోలల చప్పుడుతోనో గజ్జెలతోనో పట్టవలెను. మొదటి రెండును నేర్చుకొనువారికి. మూడవది ఆటపాటల పరస్పర సంబంధమునకు సాక్ష్యము. అందు వేగము ఎచట పెరిగినదో, ఎచట తగ్గినదో తరువాతివారు వినగలరు.

మూడవది రూపము. కుదింపు లేని రూపమున మూలమును దాచి, పంచుకొనుటకు మాత్రము కుదించిన నకలును వాడవలెను. పాత కేసెట్లను, ప్లేట్లను ఆలసింపక ఫైలులుగా మార్పించి, చీటీల ఛాయాచిత్రములను వానితో చేర్పవలెను. మార్చిన పిదప ప్లేటును పాఱవేయరాదు, అదియే మూలసాక్షి. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక, నిలువుగా అమర్చి ఉంచవలెను.

నాల్గవది పెట్టె. ప్రతి ఫైలునకు మూడు నకళ్ళు వేర్వేఱు తావుల నుండవలెను. అందొకటి ఊరి వెలుపల నుండుట క్షేమము. ఏటేట ఒక దినమున వానిని తెఱచి విని, చెడినదానిని మంచిదానినుండి మరల నకలు తీయవలెను. పూర్వము జీర్ణించిన తాటాకు గ్రంథమును క్రొత్త ఆకులపై వ్రాయించుట మన పెద్దల యాచారము. ఫైలునకును ఆ యాచారమే దిక్కు.

ఐదవది కాపుదల. ఇది ఒక్క మనిషి వలన కాదు. ఒక సంస్థ పూనుకొనవలెను. 1949 నుండి 1952 వఱకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పి.యస్. కుమారస్వామి రాజాగారు ఈ రాజపాళయము వారే. వారు తమ యింటినే గాంధీ కళామందిరమునకై ఇచ్చిరి. కళకొఱకు ఇల్లు ఇచ్చిన ఊరిలో, పాటలకొఱకు ఒక బీరువాయు ఒక కంప్యూటరును దొరకకపోవు. తెలుగు సంఘములు ఊరూర ఇట్టి పాటల భాండారమును నెలకొల్పి, జాబితాను తెలుగునను తమిళమునను వ్రాయించినచో, లిపి యెఱుగని బిడ్డయు తన అవ్వ పాటను వెదకుకొనగలడు.

ముగింపు

పట్టియుంచిన పాట పాడిన పాటకు ప్రతినిధి మాత్రమే, ప్రత్యామ్నాయము కాదు. నర్తకి భావము నిండువఱకు ఆగి పాదమును మరల అందుకొను శక్తి ప్లేటునకు లేదు, ఫైలునకు లేదు. అందుచే భాండారమున చేర్చిన ప్రతి పాటను ఏటికొక్కమారైనను ఎవరో ఒకరు దానిని విని నేర్చి, నోట పాడి, పదిమందిచే ఆడింపవలెను. విత్తనమును గాదెలో పోయుట తిరిగి చల్లుటకే. ఊరి పండుగకు బిడ్డలు ఫైలులోని పాటను నేర్చి, ఫోనును ప్రక్కనుంచి, తమ గొంతుతో పాడుచు కోలలు కలిపిననాడు ఆ పాట భద్రమైనదని చెప్పవచ్చును. అంతవఱకు ఫోనులో నున్నది పాట కాదు. పాటకు మిగిలిన గడువు.